వెన్ను కోసిన పుస్తకం

మైదా జిగురు కాయాలి. మైలుతుత్తం అయిపోయింది, తెచ్చుకోవాలి. పురుగు పట్టిన రిజిస్టర్లు నాలుగూ విప్పి కుట్టాలి. షాహీదా కూతురికి నోటుపుస్తకాలు రెండు. కోత మిషను కత్తికి సాన. పది గంటలకు స్కూలు వాళ్ళు వస్తామన్నారు, ఆ పనేమిటో చూడాలి.

షాపు తలుపుకి లోపలివైపు సుద్దముక్కతో రాసుకున్న ఈ పనుల్లో మొదటిదాని దగ్గరే ఉన్నాడు మీరావలి. వన్‌టౌన్‌లో, కాలువ కంపు కొట్టే సందు చివర అద్దెకున్న రేకుల కప్పు బైండింగు షాపు అతనిది. మే నెల. పొద్దున తొమ్మిదికే ఒంటిమీద చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. చిన్న గ్యాసు పొయ్యి మీద జిగురు బుడబుడలాడుతుంటే కర్రతో తిప్పుతున్నాడు. అరవై రెండేళ్ళ సన్నటి మనిషి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపీ కలిపీ గోళ్ళ కింద నీలం రంగు నిలిచిపోయింది. కాగితం దుమ్ము ఛాతీలో చేరి, నాలుగు మాటలకోసారి దగ్గుతాడు.

తండ్రి మంగళగిరిలో పరుపులు కుట్టేవాడు. ఐదో తరగతి మధ్యలో మాన్పించి కొడుకుని ఈ సందులోనే ఒక బైండరు దగ్గర పనికి పెట్టాడు. పెడుతూ తన పరుపుల దబ్బనం చేతిలో పెట్టాడు. ఆస్తంటే అదే. ఆ దబ్బనంతో యాభై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళ పుస్తకాలు కుడుతున్నాడు మీరావలి. ఒక్క పుస్తకమూ మొదటి నుంచి చివరిదాకా చదవలేదు. పేజీ అంకెలు సరిగ్గా ఉన్నాయా లేదా, అంతే అతనికి కావలసింది.

రిజిస్టరు విప్పాడు. బల్లి గుడ్డు పెంకులు, పురుగుల పెంట, ఎంగిలి వేళ్ళతో తిప్పగా తిప్పగా నల్లబడ్డ మూలలు. పక్క షాపు వాళ్ళు చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. అతనికి మాత్రం ఎన్నడూ రోత పుట్టలేదు. ఎంగిలైందంటే ఎవరో చదివారనేగా అనేవాడు.

"ఉన్నావా బాబాయ్? జిగురుతో పాటు నువ్వూ ఉడికిపోయావా?"

షాహీదా వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది. డిగ్రీ చదివి ఇంట్లో జాకెట్లు కుడుతుంది.

"ఇంకా పచ్చిగానే ఉన్నానమ్మాయ్. రా."

షాహీదా, భర్త ఇష్తియాక్ కలిసి కూతురు అర్ఫాని పెద్ద స్కూల్లో వేశారు. మార్కులు తగ్గాయని ఆ పిల్లని ఆఖరి సెక్షన్లోకి తోశారు. ఆ సెక్షన్ గది మరుగుదొడ్ల పక్కన. మెట్ల మీదికి మడ్డి పారే ఆ దొడ్డిలోకి పోలేక, ఆడపిల్లలు పొద్దుట నుంచీ నీళ్ళు తాగడమే మానుకున్నారు. అర్ఫా రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. జనవరిలో షాహీదా కూతుర్ని ఇంటికి తెచ్చేసి, "పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టిస్తాను, నేనే చెప్పుకుంటాను" అంది. లెక్కలు దారిన పడితేనే అన్నాడు ఇష్తియాక్. బళ్ళు తెరిచే జూన్ పన్నెండు దాకా చూస్తాడు. లేకపోతే మళ్ళీ ఆ స్కూలే.

సైన్సూ సోషలూ తెలుగూ సర్కారు పుస్తకాలే, పాతవి దొరికాయి. నోటుపుస్తకాలు మీరావలి కుట్టి ఇస్తాడు. ప్రెస్సులో తప్పు పడిన చీరల కొట్టు కరపత్రాలు ఒకవైపు ఖాళీగా ఉంటాయి కదా, వాటిని కలిపి. అర్ఫా బీజగణితమంతా చీరల డిస్కౌంటు వెనకాలే జరుగుతోంది. స్కేలు కూడా అతనిచ్చిందే, గట్టి అట్టముక్కకి గీతలు పెట్టి.

"లెక్కలే కుదరట్లేదు బాబాయ్. సర్కారు పుస్తకంలో చెప్పడం బాగానే చెప్పారు, దీనికి అభ్యాసం చాలట్లేదు. ఆ స్కూలు వాళ్ళ పుస్తకంలో లెక్కలు మెట్లు మెట్లుగా ఉంటాయి. అదొక్కటీ ఇవ్వండంటే మొత్తం సెట్టు కొనాలన్నారు. బెల్టూ టైయ్యీ కూడా సెట్టులోవేనట."

"ఇంట్లో చదివే పిల్లకి టై ఎందుకూ?"

"మా ఆయనకి కడదామనుకున్నా. కాసేపు నవ్వుకోవచ్చు." నవ్వింది గాని నవ్వు నిలవలేదు. "నిన్న ఆయన స్కూలు మాటెత్తాడు. అంతే, అది పొద్దుగూకేదాకా మంచినీళ్ళు ముట్టలేదు. ఇంట్లోనే ఉంది బాబాయ్, అయినా ముట్టలేదు."

మీరావలి నోటుపుస్తకాలు రెండూ చేతికిచ్చాడు.

పదింటికి ట్రాలీ ఆటోలో కట్టలు దిగాయి. అర్ఫా చదివి మానేసిన స్కూలువే. వెంట స్టోరు చూసే కిరీటి, మెడలో కార్డు వేలాడుతూ.

"కిందటేడు మిగిలినవి మీరావలి గారూ. ఇంకెవరూ వాడకుండా మధ్యకి కోసెయ్యండి."

కట్ట విప్పాడు. పదో తరగతి లెక్కలు. ఒక్క వేలు కూడా పడని పేజీలు.

"కొత్తవేగా ఇవి?"

"ఈ ఏడు ఎడిషన్ మారిందండీ." కిరీటి సంచిలోంచి కొత్తది తీసి చూపించాడు. బైండరు కన్ను గదా, రెండూ పక్కపక్కన పెట్టగానే పట్టేసింది. మూడో అధ్యాయం ఏడోదైంది. ఏడోది రెండోదైంది. అట్ట మీద బొమ్మ మారింది.

"లెక్కలు అవేనే!"

"లెక్కలెక్కడ మారతాయండీ, రెండూ రెండూ నాలుగే. వరస మారుద్ది. లేకపోతే అక్క పుస్తకం పెట్టుకుని చెల్లెలు చదివేసుద్ది. మేమేం తినాలి?"

కొత్త కాగితం వాసన గుప్పున కొట్టింది. బల్లి గుడ్లకీ ఎంగిలికీ పుట్టని రోత మీరావలికి ఆ శుభ్రమైన వాసనకి పుట్టింది. కాదంటే? పక్క సందులో ఇంకో మిషను ఉంది. అరగంటలో కట్టలు అక్కడుంటాయి.

"మధ్యకి కోస్తే నా కత్తి మొద్దుబారుద్దండీ," అన్నాడు నెమ్మదిగా. "వెన్ను కోసేస్తాను. వెన్ను పోయాక ఇంకా పుస్తకమేంటి?"

యాభై ఏళ్ళ పనిలో గిరాకీతో ఆడిన మొదటి అబద్ధం అది. వెన్ను లేని కాగితాల్ని మళ్ళీ పుస్తకం చెయ్యడమే తన బతుకు.

కిరీటి నవ్వాడు. "అంతేగా, నడుం విరిగాక ఇంకేం లేస్తుంది! కానివ్వండి. వీడియో మాత్రం బాగా రావాలి, హెడ్డాఫీసుకి పంపాలి."

కోత మిషను చక్రం తిప్పుతుంటే వెన్నులు తెగి కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. మూడు గంటలు తిప్పాడు. కిరీటి స్టూలు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తిని, చేతి నూనె ఒక పేజీకి తుడిచి, ఉండచుట్టి మూలకి విసిరాడు. వెళ్తూ, "ఈ చెత్త మీరే అంతోని పాతకాగితాల కొట్టుకి తోలుకోండి, మీ కూలి అందులోనే" అన్నాడు.

మీరావలి రెండుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాడు. అన్నం సయించలేదు. నమాజు చేసుకుని షాహీదాకి ఫోను చేశాడు.

"సాయంత్రం పిల్లని తీసుకురా అమ్మాయ్. నీళ్ళ సీసా తెచ్చుకోమను, ఉక్కగా ఉంది."

పదో తరగతి లెక్కలు ఒకటి ఏరి, అంకెలు సరిచూసుకుని, చెక్క పలకల మధ్య బిగించాడు. కోతకి పోగా అంచు అరవేలెడు కూడా మిగల్లేదు. పక్కనుంచి కుట్టాలి, అక్షరానికి తగలకుండా. పదమూడు రంధ్రాలు పొడిచాడు. దారానికి మైనం రాసి దబ్బనంలోకి ఎక్కించాడు. ఒకటి, రెండు, మూడు. ఛాతీలో పొద్దుట్నుంచీ ఉన్న బరువు ఎడమ చేతిలోకి దిగింది. తొమ్మిదో కుట్టు లాగి బిగించాక, కాసేపు ఆగుదామన్నట్టు మిషను చక్రానికి తల ఆనించాడు.

ఐదింటికి తల్లీకూతుళ్ళు వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. "బాబాయ్" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి భుజం పట్టుకుంది షాహీదా. ఒళ్ళో పుస్తకం, వేళ్ళ మధ్య దబ్బనం. అర్ఫా నీళ్ళ సీసా కింద పెట్టి, చల్లబడిపోయిన ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీసింది.

వారం తిరక్కుండానే ఇంటివాడు షాపు ఖాళీ చేయించాడు. కట్టలన్నీ అంతోని కొట్టుకి పోయాయి. సందు మొదట్లో బజ్జీలు పది రోజులపాటు త్రికోణమితిలో చుట్టి ఇచ్చారు. ఒకరోజు పొట్లం విప్పిన షాహీదా, నూనెలో నానుతున్న లెక్కని చూసి, ఎన్నడూ నోట రాని తిట్టు తిట్టి, బజ్జీలు కాలవలో పారేసి వచ్చింది.

మిగిలిన నాలుగు కుట్లు తనే వేసింది. జాకెట్లు కుట్టే చెయ్యి, కాస్త వంకర పోయాయి. జూన్ పన్నెండు పొద్దున ఇష్తియాక్ చీరల డిస్కౌంటు కాగితాల్ని ఒకటొకటిగా తిరగేశాడు. వెనకవైపంతా తేలిన లెక్కలే. ఓపెన్ స్కూలు ఫారం ఎక్కడిస్తారో కనుక్కొస్తానని బండి తీశాడు. అర్ఫా లేచి గ్లాసుడు నీళ్ళు తాగింది.

వెన్ను వైపు అంచు మరీ ఇరుకుగా ఉండి, పక్కనుంచి కుట్టిన లెక్కల పుస్తకం ఎప్పుడైనా మీ కంటపడితే, మీరావలి అని ఒక మనిషి ఉండేవాడని తలుచుకోండి. మొదటి తొమ్మిది కుట్లూ అతనివి. దబ్బనం షాహీదా కుట్టుమిషను సొరుగులో ఉంది, అతను మైనం రాసి ఎక్కించిన దారం ఇంకా జానెడు దాని కన్నంలోనే ఉంది.