అలక కాదు, దవడ

"తువ్వాల యాడ పెట్టినావే?"

స్నానాల గదిలోంచి రాఘవేంద్రప్రసాద్ కేక. తువ్వాల తలుపు వెనక కొక్కేనికే వేలాడుతోంది. పెళ్లయినప్పటి నుంచీ అక్కడే వేలాడుతోంది. అయినా అది ఆయనకు కళ్లతో కనిపించదు, పెళ్లాం నోటితో చెబితేనే కనిపిస్తుంది. గాయత్రి వంటింట్లో కూర్చుని, పళ్ల డాక్టరు చేసిచ్చిన చిన్న ప్లాస్టిక్ అచ్చు ముక్కను పళ్ల మధ్య కొరికి పట్టుకుని, పాలగిన్నె మీద ఓ కన్నేసి ఉంది. జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే, రాత్రంతా పళ్ల క్లిప్పు ముందుకు లాగి ఉంచిన కింది దవడ వెనక్కి వచ్చి కూర్చోదు. అది కూర్చోకపోతే ఇవాళ కూడా జొన్నరొట్టె నమలలేక చారులో నానేసుకుని మింగాలి. తువ్వాల దొరకని మనిషికి ఇదంతా ఎక్కడ చెప్పడం?

"నోట్లో ఏముందే, పలకవు!"

అచ్చు తీసి పక్కన పడేసి, "తలుపెనకాల!" అని అరిచింది. చెవి కింద సలుపు మొదలైంది.

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఆమెది. వాళ్లకు ప్రొద్దుటూరులో చీరల అంగడి ఉంది. గల్లాపెట్టె దగ్గర ఆయన, మిగతా అన్నిచోట్లా ఆమె. చాపాడు నుంచి పెళ్లివాళ్లు వచ్చిన రోజు, పట్టుచీర కొంగు పరిచి పట్టుకుని అలాగే కునుకు తీసింది. "వచ్చిన బేరం పోగొడితివి కదే! ఇంట్లో గుర్రు, అంగట్లో కునుకు!" అని అందరి ముందూ అన్నాడాయన. గురక ఆయనకూ ఉంది. కాకపోతే ఆయన పెడితే అది కష్టపడి అలసిన మగవాడి నిద్ర, ఆమె పెడితే ఆడదానికి ఉండకూడని లక్షణం. చివరికి పరీక్షలు చేయించి, ముక్కుకు తగిలించుకుని పడుకునే మిషన్ తెచ్చారు. దాంతో పడుకున్న నాలుగు రోజులూ గాయత్రి చిన్నప్పటిలా నిద్రపోయింది. తెల్లారి లేస్తే తల తేలిగ్గా ఉండేది, లోకం మీద కోపం లేకుండా ఉండేది. ఆయనకు మాత్రం పడలేదు. "ఏంది ఈ సద్దు? లారీ పక్కన పండుకున్నట్టుండాది." మిషన్ అటకెక్కింది. దాని బదులు పళ్లకు తొడుక్కునే క్లిప్పు వచ్చింది. గొంతులో దారి మూసుకోకుండా అది కింది దవడను ముందుకు లాగి పట్టుకుంటుంది. సద్దుండదు, ఆయన నిద్ర చెడదు. నొప్పి ఆమె దవడకు కాబట్టి అది ఎవరికీ వినిపించదు.

పోయిన వారం పళ్ల డాక్టరు జరీనా ఆమె నోట్లో అద్దం పెట్టి చూసి, మొహం చిట్లించింది. "నొప్పి మెల్లగా తగ్గుతాదిలే. కానీ మీ వెనక పండ్లు కలవడం లేదు గాయత్రిగారూ. క్లిప్పు తీసినాక అచ్చు కొరికి అరగంట నోరు మూసుకోమంటిని కదా?"

"నోరు మూసుకోమని ఇంట్లో అందరూ చెప్పేదే మేడమ్. నిజంగా మూసుకుంటే ఊరుకోరు."

జరీనా నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "అరగంట దొరక్కపోతే మళ్లా మిషన్‌కే పోండి. లేకుంటే పండ్లు ఇట్లే నిలబడిపోతాయి. ఊపిరి ఆగేది మీకు, నిద్ర చెడేది ఆయనకు. ఏది పెద్దదో నేను చెప్పల్నా?"

తువ్వాల కేక పడిన మరుసటి పొద్దున్నుంచి గాయత్రి ఎవరేం అడిగినా పళ్లు విడదీయలేదు. ఇల్లు తలకిందులైంది. కాఫీ కోసం వచ్చిన అత్త వెంకటరమణమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "ఏమ్మే, పొద్దున్నే మూతి బిగించుకోని కూర్చున్యావు? నేనేమన్న్యానని?" గాయత్రి వేలితో దవడ చూపించింది. "చూస్తివా రాఘవా! చెంప చూపిస్తాంది! కొట్టమంటాందా, కొడతానంటాందా?" అరగంటయ్యాక గాయత్రి అచ్చు తీసి, డాక్టరు చెప్పిందంతా విడమరిచి చెప్పింది. "నొప్పుండేటోళ్లు మూలుగుతారు గానీ మాట్లాడకుండా ఉంటారా?" అని కొట్టిపారేసింది అత్త. ఆ ఇంట్లో ఆడది నోరు మూసుకుంటే అలక, తెరిస్తే పొగరు. రాఘవేంద్రప్రసాద్ ఇంకో అడుగు ముందుకేసి, "నువ్వు గండికోటకు పోదామంటే నేను రాలేదనా ఇదంతా?" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. గండికోట సంగతే మర్చిపోయింది తను.

ఆదివారం పొద్దున్నే జమ్మలమడుగు నుంచి ఆడబిడ్డ ప్రసూన, పులివెందుల నుంచి ఆయన చిన్నాయన నారాయణ దిగారు, అత్తాకోడళ్లకు రాజీ చేయడానికి. గాయత్రి అప్పుడే అచ్చు కొరికి కూర్చుని ఉంది.

"అమ్మతో మాటలు మానుకున్యావంటనే వదినా?"

"చూడు చూడు, ఇట్లనే!" అంది అత్త.

"పెద్దామె, ఒక మాట అనింటాదిలే గాయత్రీ," అన్నాడు నారాయణ. "కాళ్లకు మొక్కి మాట్లాడు తల్లీ, అయిపోతాది."

గాయత్రికి కోపం తన్నుకొచ్చింది. ఇన్నాళ్లుగా నిద్రలో ఊపిరాగి ఉలిక్కిపడి లేస్తోంది. ఎట్లుండావని అడగడానికి జమ్మలమడుగు నుంచి ఎవరూ బస్సెక్కలేదు. పొద్దున ఓ అరగంట పలకకపోయేసరికి పులివెందుల కూడా కదిలొచ్చింది! అచ్చు ఉమ్మేసి నలుగురినీ కడిగేద్దామనిపించింది. కానీ దవడ తనది, పళ్లు తనవి. కాఫీ అడిగినా కదల్లేదు. వెనక పళ్లు రెండు వైపులా తగిలిందాకా అందరినీ అలాగే కూర్చోబెట్టింది. తర్వాత లేచి, అచ్చు కడిగి, నోరు పుక్కిలించి వచ్చింది.

"నాకు అలకా లేదు గిలకా లేదు చిన్నమామా. దవడ నొప్పి. ఈపొద్దు నుంచి ఆ క్లిప్పు పెట్టుకోను. అటక మీద మిషన్ దించుకుంటా."

"ఆ సద్దుకు నాకు నిద్ర రాదని చెప్తి కదే!" రాఘవేంద్రప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"అయితే మీరు అంగట్లో పండుకోండి. పరుపులుండాయి, పంకా ఉండాది."

గాయత్రి నిచ్చెన తెచ్చి అటక కింద ఆనించి, మొదటి మెట్టు ఎక్కింది.

"మొగుడు అంగట్లో, పెండ్లాం ఇంట్లో!" వెంకటరమణమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఊర్లో నలుగురూ ఏమనుకుంటారమ్మే?"

"గాయత్రి బతికే ఉండాది అనుకుంటారు లే అత్తా."