మాసిన బట్టల గొట్టంలో చదరంగం

కంప్యూటర్ తెర మీద మళ్ళీ ఎర్రటి అరచెయ్యి ప్రత్యక్షమైంది. దాని కింద రెండు ముక్కలు: ఇది ఆటల వెబ్‌సైటు, ఆసుపత్రి నెట్‌లో అనుమతి లేదు.

"చూడు, ట్రాఫిక్ పోలీసులా ఎలా చెయ్యి చూపిస్తోందో," అంది వదిన. అక్కడ పనిచేసే వాళ్ళందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

ఇస్త్రీ అక్క నవ్వలేదు. ఆమె చేతుల్లో తడి దుప్పటి రెండు కొసలున్నాయి, మిగతా రెండు కొసలు వదిన చేతుల్లో ఉన్నాయి. ఎదురుగా ఇస్త్రీ రోలర్ సలసల కాగుతూ తిరుగుతోంది. దుప్పటి అంచు అందిస్తే లోపలికి లాక్కుని, కింది నుంచి అప్పడంలా ఎండిన గుడ్డను బయటికి తోస్తుంది. ఇద్దరూ కలిసి అందించాలి, ఇద్దరూ కలిసి మడత పెట్టాలి. సాయంత్రం ఆపరేషన్లకు కావలసిన దుప్పట్లన్నీ ఈ రోలర్ కిందినుంచే పోవాలి. అందుకే ఇస్త్రీ అక్కకు ఇవాళ సెలవు దొరకలేదు.

ఆసుపత్రి నేలమాళిగలోని ఆ చాకిరేవు గదిలో ఫోను సిగ్నల్ ఈగ అంత కూడా రాదు. ఉన్నదల్లా మాట్లాడడానికి బల్ల మీద ఒక పాత తీగ ఫోను, చూడడానికి ఆసుపత్రి నెట్. ఆ నెట్‌కేమో ఎర్రటి అరచెయ్యి కాపలా.

ఎక్కడో దూరంగా, ఇంకో ఊళ్ళో, పెద్ద హాల్లో ఇస్త్రీ అక్క కూతురు చదరంగం ఫైనల్ ఆడబోతోంది. పిల్లను అందరూ పిడుగు అంటారు. తండ్రి వెంట వెళ్ళాడు. ఆట మొత్తం ఒక వెబ్‌సైట్లో ప్రత్యక్షంగా చూపిస్తారట.

నిన్న బస్సెక్కే ముందు పిడుగు తల్లి కొంగు పట్టుకుంది. "గెలిస్తే నాన్న చెప్తాడు, ఓడితే నేనే వచ్చి చెప్తా. నీ కళ్ళతో నువ్వు చూసింది మాత్రం ఒక్క ఆటా లేదమ్మా. ఎప్పుడూ డ్యూటీయే."

"రేపు చూస్తాను."

"ఒట్టు?"

"ఒట్టే."

ఆ ఒట్టుకే ఇప్పుడు ఎర్రటి అరచెయ్యి అడ్డొచ్చింది.

"అక్కా, నువ్వేం కంగారుపడకు. తలుపు మూస్తే కిటికీ ఉండదా?" అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న సైంటిస్ట్. అతను వాషింగ్ మిషన్లు నడిపే మనిషి. ఏది పాడైనా ముందు తనే విప్పుతాడు, తర్వాత మెకానిక్ వచ్చి రెట్టింపు సేపు బిగిస్తాడు. అందుకే ఆ పేరు.

ముందు అతను అనువాదం చేసిపెట్టే వెబ్‌సైట్ తెరిచాడు. ఆట పేజీ చిరునామా అందులో పడేసి, దాన్ని తెచ్చిపెట్టమన్నాడు. ఆశ్చర్యం, పేజీ వచ్చింది! ముగ్గురూ ఒక్కసారిగా ముందుకు వంగారు. అక్షరాలు వచ్చాయి, రంగులు వచ్చాయి, గళ్ళు వచ్చాయి. గళ్ళలో పావులు మాత్రం లేవు.

"ఖాళీ బల్ల చూడ్డానికి ఇంత తతంగం ఎందుకు? పైన క్యాంటీన్లో బోలెడున్నాయి," అంది వదిన.

తర్వాత ప్రాక్సీ అన్నాడు. అంటే మన బదులు వేరే ఎవరో వెళ్ళి ఆ పేజీ తెచ్చి మనకిస్తారట. ఆ ప్రాక్సీ వెబ్‌సైట్ తెరవబోతే దానికీ అదే అరచెయ్యి. ఇక మిగిలింది వీపీఎన్ అన్నాడు సైంటిస్ట్. అతని కళ్ళు మెరిశాయి. "సొరంగం అన్నమాట అక్కా. మనం సొరంగంలో పోతుంటే పైనున్న కాపలావాడికి ఏం కనిపించదు. ఉచితంగా ఇచ్చేవి బోలెడున్నాయి. వెయ్యమంటావా?"

ఆమె గోడ గడియారం వంక చూసింది. ఆట మొదలయ్యే వేళ దగ్గరపడింది.

"వెయ్యి తమ్ముడూ."

అతను వేశాడు. ఒక చక్రం గిర్రున తిరిగింది. దాని మీద ఏదో ప్రకటన ఊడిపడింది, ఆ ప్రకటన మీద ఇంకొకటి. కంప్యూటర్ కీచుమని అరిచి, తెర నల్లబడి, నోరు మూసుకుంది.

"సొరంగం కూలిందా?" అంది వదిన.

సైంటిస్ట్ తల గోక్కున్నాడు. ఇస్త్రీ అక్కకు కళ్ళు చెమర్చాయి. రోలర్ మాత్రం ఆగలేదు, మరో దుప్పటి కోసం నోరు తెరుచుకునే ఉంది. ఇద్దరూ కొసలు పట్టి అందించారు.

సరిగ్గా అప్పుడే మూలనున్న రేకు గొట్టంలోంచి ధబ్బున మూట పడింది. పై అంతస్తుల వార్డుల్లో మాసిన బట్టలు పడేస్తే, ఆ గొట్టంలోంచి జారి నేరుగా ఇక్కడి బుట్టలో పడతాయి. మూట వెనకే మూడో అంతస్తు ఆయా గొంతు కూడా జారిపడింది. ఆవిణ్ణి మైకు పిన్ని అంటారు.

"ఏమే, నాలుగు దిండు గలీబులు పంపండే! ఎంతసేపే!"

ఇస్త్రీ అక్క గొట్టం వంక చూసింది. దాని పైకొస ఎక్కడుందో గుర్తొచ్చింది. అక్కడ, మూడో అంతస్తు వరండా కిటికీ దగ్గర, సిగ్నల్ నిండుగా ఉంటుంది. మైకు పిన్ని భోజనం వేళ అక్కడే కూర్చుని సీరియళ్ళు చూస్తుంది.

చేతిలోని దుప్పటి సంగతి మరచి ఒక్క గంతులో గొట్టం దగ్గరికి చేరింది. తల లోపల పెట్టి అరిచింది. "పిన్నీ! ఫోను ఉందా నీ దగ్గర?"

"డ్యూటీలో ఫోనేంటే! మంచి పిల్లలా మాట్లాడు!"

"పిన్నీ, మా పిడుగు ఫైనల్ ఆడుతోంది!"

పైన సంచీ జిప్పు లాగిన చప్పుడైంది. తర్వాత నెమ్మదిగా, అంటే మైకు పిన్నికి ఎంత నెమ్మదో అంత నెమ్మదిగా, జవాబు వచ్చింది. "ఉందిలే. చెప్పు ఏం నొక్కాలో."

ఇక చూడాలి హడావుడి. క్యాంటీన్ నుంచి ఉతకడానికి వచ్చిన గళ్ళ బల్లగుడ్డను సైంటిస్ట్ పరిచాడు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గళ్ళు వచ్చేలా అంచులు మడిచాడు. డాక్టర్ల కోట్ల నుంచి ఊడిన తెల్ల గుండీలు ఒక వైపు, సెక్యూరిటీ వాళ్ళ చొక్కాల నల్ల గుండీలు ఒక వైపు పెట్టారు. ఏది రాజో, ఏది గుర్రమో తెలిసేలా గుండీల మీద చిన్న టేపు ముక్కలు అతికించి రాశారు.

"మన పిల్లది ఏ రంగే?" గొట్టం అడిగింది. "ఇక్కడ పేర్లు చీమల్లా ఉన్నాయి. నా కళ్ళజోడు లాకర్లో ఉంది. వీడియో కూడా రావట్లేదు, బొమ్మ బల్లే కనిపిస్తోంది."

"తెల్ల!" అంది ఇస్త్రీ అక్క తడుముకోకుండా. ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక తల్లీకూతుళ్ళు ఆడుకుంటారు. పిడుగుకు తెల్లవి, తల్లికి నల్లవి. పిల్లకు పావులు పట్టుకోవడం నేర్పిన నాటి నుంచీ అంతే. పోటీల్లో రంగులు వేరేవాళ్ళు నిర్ణయిస్తారన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఆట మొదలైంది. మైకు పిన్ని కంఠం ముందు వార్డులో, తర్వాత గొట్టంలో, చివరికి నేలమాళిగలో మారుమోగింది.

"తెల్ల గుర్రం లేచింది! రెండు గళ్ళు ముందుకి, ఒకటి పక్కకి! ఆగండే, ఇక్కడ పేషెంటు కూడా చూస్తానంటున్నాడు. చూడు నాయనా, చూడు, కానీ కదలకు, సెలైన్ ఊడుతుంది!"

వదిన ఒక చేత్తో దుప్పటి పట్టుకుని, ఇంకో చేత్తో గుండీ జరుపుతోంది. దుప్పటి లోపలికి పోయేలోపు ఒక ఎత్తు, మడత పెట్టేలోపు ఇంకో ఎత్తు. బాగానే సాగింది కాసేపు. తర్వాత నల్ల మంత్రి అడ్డంగా వచ్చి తెల్ల ఏనుగును ఎగరేసుకుపోయింది.

"అయ్యో!" అంది గొట్టం.

ఆ తర్వాత రెండు తెల్ల బంట్లు పోయాయి. తెల్ల రాజు ఒక మూలకి నక్కాడు. ఇస్త్రీ అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే దుప్పటి అందించింది. అంచు వంకరగా పోయింది. ముడత పడి బయటికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె చేతి కింద ముడత పడడం అదే మొదలు.

"నేను చూడకపోవడమే మంచిదేమో వదినా. నా కళ్ళు పడగానే పిల్ల ఓడిపోతోంది."

"నోర్ముయ్. నీ కళ్ళు పడిందెక్కడ? పడింది పిన్ని కళ్ళు."

తలుపు ధడాలున తెరుచుకుంది. మెడలో ఐడీ కార్డు ఊగుతూ సిస్టమ్ సార్ లోపలికొచ్చాడు. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసుకునే కుర్రవాడు. మెట్లన్నీ పరుగెత్తుకుంటూ దిగాడేమో, మాట కంటే ముందు ఆయాసం వచ్చింది.

"ఎవరండీ ఇక్కడ వీపీఎన్ వేసింది? పైన నా తెర మీద అలారం మోగుతోంది!"

సైంటిస్ట్ సబ్బు డబ్బాల వెనక్కి జరిగాడు. ఇస్త్రీ అక్క ముందుకొచ్చింది. "నేనే వెయ్యమన్నాను సార్. తప్పు నాది."

"తప్పంటే మామూలు తప్పా! ఊరికే ఇచ్చేవాటిలో ఏముంటుందో మీకు తెలుసా? ఆ సొరంగంలోంచి మీరు బయటికి పోతే, బయటివాళ్ళు లోపలికొస్తారు. ల్యాబు రిపోర్టులన్నీ ఇదే నెట్ మీద..." అంటూ అతను బల్లగుడ్డ వైపు చూసి ఆగిపోయాడు. దగ్గరికి నడిచాడు. వంగాడు. "ఇదేంటి? ఎవరిదీ ఆట?"

"మా పాప ఫైనల్ సార్. ఆ వెబ్‌సైట్ ఇక్కడ రావట్లేదు. అందుకే."

"రాదు. ఆటలన్నీ ఒకే గంపలో వేసి మూసేశారు, జూదం సైట్లతో కలిపి." అతను గుండీల మీంచి చూపు తిప్పలేదు. "నన్ను అడగొచ్చు కదా?"

"అడగొచ్చని తెలీదు సార్," అంది ఆమె.

అతను తలెత్తి ఆమెను చూశాడు. బల్ల మీది ఫోను తీసి సూపరింటెండెంట్ డాక్టరమ్మకు చేశాడు. "మేడమ్, లాండ్రీ కంప్యూటర్‌కి ఒక్క సైట్ తెరవాలి. చదరంగం. కాదు మేడమ్, జూదం కాదు. ఇస్త్రీ అక్కావాళ్ళ అమ్మాయి ఫైనల్. ఆట అయ్యేదాకా చాలు... ఆ కేకలా? మూడో అంతస్తా? అవును మేడమ్, అవీ ఇందుకే. ఇది తెరిస్తే అవి ఆగుతాయి."

అనుమతి వెంటనే వచ్చింది.

అతను కంప్యూటర్ని లేపి, సైంటిస్ట్ వేసిన దాన్ని పీకేసి, టకటకా ఏవో కొట్టాడు. అరచెయ్యి పోయింది. హాలు వచ్చింది. దీపాలు, బల్లలు, మనుషులు. మధ్యలో ఇద్దరు అమ్మాయిలు. ఒకమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. ఎదురుగా రెండు జడలతో పిడుగు. పిడుగు ముందు నల్లటి పావులు.

ఇస్త్రీ అక్క ఒకసారి గుండీల వంక, ఒకసారి తెర వంక చూసింది.

"అయితే ఇంతసేపూ నేను ఏడ్చింది ఎవరి కోసం?" అంది ఇస్త్రీ అక్క.

"ఆ ఎదుటి పిల్ల తల్లి కోసం!" అని వదిన ఒక్క గెంతు గెంతింది. "పాపం, ఆవిడ వాటా ఏడుపు కూడా నువ్వే ఏడ్చేశావు!"

"మీరు చూడండక్కా, దుప్పటి నాకివ్వండి," అని సిస్టమ్ సార్ ఆమె చేతుల్లోంచి కొసలు తీసుకున్నాడు.

"అంచు పట్టుకో బాబూ, మధ్యలో కాదు! వేళ్ళు వెనక్కి! ఉద్యోగానికి కావాలి అవి!" వదిన కేకలు పెడుతూనే ఉంది. అతను మెడ వెనక్కి తిప్పి తెర చూస్తూనే ఉన్నాడు. "అదిగో, ఆ గుర్రం గనక..."

"చెప్పకండి సార్!" అంది ఇస్త్రీ అక్క. "పిల్లే చూసుకుంటుంది."

తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడింది. తెల్ల బంటు ఒకటి ఊరికే దొరికేలా ఉంది. పిడుగు చెయ్యి దాని వైపు పోయింది. సగం దూరంలో ఆగింది. వెనక్కి వచ్చింది. ఆ చేతిని తొడ కింద పెట్టి, దాని మీద కూర్చుంది. పెదవి కొరుక్కుంది. జడ చివర నోట్లో పెట్టుకుంది. ఇంట్లో తల్లితో ఆడేటప్పుడు ఆ పిల్ల ఎన్నడూ అంతసేపు ఆలోచించలేదు. కూతురి ముఖంలో అలాంటి నిదానం ఉందని ఆ తల్లికి ఇవాళే తెలిసింది.

అప్పుడు ఎడమ చేత్తో గుర్రాన్ని ఎత్తి పెట్టింది. అటు తెల్ల రాజుకు చెక్, ఇటు తెల్ల మంత్రి మీద గురి. ఒకదాన్ని కాపాడితే ఇంకోటి పోతుంది.

"అదే! అదే!" అరిచాడు సిస్టమ్ సార్. దుప్పటి సగం నేలమీద పడింది.

ఎదుటి అమ్మాయి కాసేపు చూసి, గడియారం ఆపి, ఓటమి ఒప్పుకుంటూ చెయ్యి చాచింది. పిడుగు లేచి నిలబడి రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుంది. హాలంతా చప్పట్లు. నేలమాళిగలో అంతకంటే పెద్ద చప్పట్లు. సైంటిస్ట్ సబ్బు డబ్బా మీద డప్పు వాయించాడు.

"ఏమైందే? మన తెల్లది ఓడిందేంటే?" గొట్టంలోంచి మైకు పిన్ని విలపించింది. వదిన పరుగున వెళ్ళి తల లోపల పెట్టి, "పిన్నీ, మనది నల్లే! గెలిచాం!" అని అరిచింది. పైనుంచి వచ్చిన కేకకు గొట్టం వణికింది. సెలైన్ పేషెంటు గొంతు కూడా అందులో కలిసింది.

కాసేపటికి బల్ల మీది ఫోను మోగింది. ఇస్త్రీ అక్క తడి చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది.

"అమ్మా, గెలిచా!" అంది పిడుగు. వెంటనే గొంతు తగ్గించింది. "చూశావా? నిజం చెప్పు. చూడలేకపోయినా నేనేమనుకోనులే."

ఇస్త్రీ అక్క మళ్ళీ తెర వంక చూసింది.

"ఆ బంటును చంపబోయి ఆగిపోయావు కదా," అంది. "చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నావు. జడ నోట్లో పెట్టుకున్నావు. ఎన్నిసార్లు చెప్పానే జడ నోట్లో పెట్టుకోవద్దని!"

అవతల పిడుగు అరిచిన అరుపు రోలర్ చప్పుడును దాటి, గది నాలుగు మూలలా వినిపించింది.

"నాన్నా! అమ్మ చూసింది! అమ్మ నిజంగా చూసింది!"