చమానం

చమానం అంటే ఏమిటమ్మా, సమానానికి చుట్టమా, అన్న నారాయణమూర్తి సారు మాట చెవుల్లోంచి పోవడం లేదు, పోదు కూడా, వెనక బెంచీలో ఎవడో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, దుర్గాభవాని చేతికంటిన సుద్దపొడిని చుడీదారుకి తుడుచుకుంది, తుడిచినకొద్దీ తెల్లగా పరుచుకుంటోంది, బోర్డు మీద తన లెక్క అలాగే ఉంది, ఒక్క మెట్టూ తప్పు లేదు, సారే అన్నారు, లెక్క దివ్యంగా ఉంది, నోరే దరిద్రంగా ఉంది, ఇలాంటి నోటిని కాలేజీ తరఫున పంపిస్తే నా పరువేం కాను, వెళ్లి కూచో, అని, అంతే, పోయింది, ఇంజనీరింగు ఎంట్రన్సుకి ఉచిత శిక్షణ, కాలేజీకి దక్కిన ఒకే ఒక్క సీటు, లెక్క చేసి నోటితో వివరించినవాళ్లకే అన్నారు, అది రాకపోతే ఇంటరయ్యాక శ్రీముఖలింగం పక్కన తమ ఊళ్లో ఊడ్పులకి దిగడమే.

అసలు మొదటేడాది నోరు విప్పకుండా ఉంటే సరిపోయేది, చరరాశిని సరరాశి అంది, వాళ్ల ఊళ్లో చదువు సదువే, చెరువు సెరువే, ఏ సరం తల్లీ, ముత్యాలదా పగడాలదా, అన్నారు సారు, ఆ తరవాత నెలల తరబడి ఆమె క్లాసులో మాట్లాడలేదు, అప్పుడు మహతి వచ్చి పక్కన కూచుంది, విజయనగరం కోట దగ్గర ఇల్లు, ఇంటినిండా సంగీతం, అలాంటి పిల్ల భుజమ్మీద చెయ్యేసి, ఓస్ ఇంతేనా, స అని నోటికొచ్చిన చోటల్లా చ అనెయ్, నీ కష్టాలు తీరిపోతాయి, అంది, ఎంత ప్రేమగా అంది, హాస్టల్లో కంచం కడుగుతూ చ, బట్టలు పిండుతూ చ, ఫోనులో అమ్మని చంతకెళ్లావా అని అడిగితే అమ్మ కంగారుపడింది, ఏటే అమ్మీ, పళ్లూడిపోనాయేటే, అలగ మాటాడతన్నావు, అంది, నీకు తెలీదులే అని ఫోను పెట్టేసింది, సంతకి సంతే అనే అమ్మకేం తెలుసు శుద్ధమైన భాష.

ఇవాళ బోర్డు దగ్గర వెనక్కి తిరిగి, చెప్తాను చార్, రెండు వైపులా చమాకలనం చేస్తే, అంది, ఎంత ధైర్యంగా అంది, చారా, పోపు పెట్టారా లేదా, అన్నాడొకడు, సారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వు, ఇప్పుడు మహతి లేచి బోర్డు ముందు నిలబడింది, ఆ లెక్క చెరపకమ్మా, దాన్నే నువ్వు వివరించు, అన్నారు సారు, దుర్గాభవాని రాసిన మెట్లని మహతి ఒక్కొక్కటే చదువుతోంది, సమాకలనం, సమానం, ఎంత వినసొంపుగా ఉంది, శభాష్, సీటు నీదే, అన్నారు.

ప్రతి సూత్రం కిందా ఒక షరతుంటుంది, ఎక్స్ ఘాతం ఎన్‌ని సమాకలనం చేసే సూత్రానికి ఎన్ మైనస్ ఒకటి కాకూడదు, అది రాయకుండా దుర్గాభవాని ఏనాడూ ఆ లెక్క మొదలెట్టలేదు, మరి మహతి చెప్పిన సూత్రానికి షరతేమిటని ఎందుకు అడగలేదు, పాపం మహతికీ తెలియదేమో, సరిగమల ఇంట్లో పుట్టిన పిల్లకి స అంటే ఏమిటో తెలియకనా, తెలియదనే అనుకోబోయింది, కానీ తను బోర్డు దగ్గర్నుంచి వెనక్కి తిరిగినప్పుడు, చార్ అన్న మాట ఇంకా నోరు దాటకముందే, క్లాసులో ఎవరూ నవ్వకముందే, మహతి చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, నవ్వొచ్చి పెట్టుకున్నది కాదు, నవ్వు కోసం పెట్టుకుని కూచుంది.