సూదితో పొడవాల్సిన స్ఫటికం

నా ప్రొటీన్‌కి పొగరెక్కువ. దాని ఆకారం కనిపెట్టాలంటే ముందు అది స్ఫటికంగా మారాలి, అప్పుడే ఎక్స్‌రేలు పంపి లెక్క కట్టగలం. మూడేళ్ళుగా ఎన్ని రసాయనాలు కలిపి బతిమాలినా జావలాగే కూర్చుంది. శుక్రవారం ఎక్స్‌రే యంత్రం దగ్గర మా వంతు. ఈసారీ ఒట్టి చేతులతో వస్తే ప్రొటీన్ మార్చుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టమన్నారు మా ల్యాబ్ మేడమ్.

సోమవారం పొద్దున మైక్రోస్కోపులో చూద్దును కదా, ప్రొటీన్, రసాయనాలు కలిపి పెట్టిన ఒక చుక్కలో ఒకే ఒక్క స్ఫటికం! పట్టలేని సంతోషంతో అక్కకి ఫోన్ చేశాను.

“మూడేళ్ళకి ఒక్కటా? పాకం గిన్నె కడగడం మర్చిపోతే మా ఇంట్లో నాలుగు రోజులకే బోలెడు పలుకులు కడతాయే!” అంది. అక్కకి ఏదీ చెప్పకూడదని ప్రతిసారీ ఒట్టు పెట్టుకుంటాను.

మేడమ్ వచ్చి చూశారు. “మరీ అందంగా ఉంది. మనం కలిపిన రసాయనాల ఉప్పేమో. సూదితో పొడిచి చూడు.”

మా పనిలో ఇదొక దిక్కుమాలిన పరీక్ష. ఉప్పయితే టక్కున విరుగుతుంది, ప్రొటీన్ అయితే మెత్తగా నలిగిపోతుంది. అంటే అసలుదని తేలేసరికి అది మన దగ్గర ఉండదు.

“పొడవను మేడమ్. ఉన్నదే ఒక్కటి!”

“ఉప్పు మోసుకెళ్ళి అక్కడ పరువు తీసుకుంటావా?”

గంటసేపు మొండికేశాను. చివరికి ఒళ్ళు మండి సూది తీసుకుని పొడిచేశాను. చప్పుడు లేదు. నానిన బిస్కెట్‌లా నలిగిపోయింది. ప్రొటీనే! నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

“ముందు ఆ నలిగింది ఎండిపోకుండా చూడు. సూదిని అందులో ముంచి కొత్త చుక్కలన్నిటికీ అంటించు,” అన్నారు మేడమ్.

పాలకి తోడు వేసినట్టన్నమాట. ఆ నలుసుల్ని పట్టుకుని కొత్త స్ఫటికాలు కడతాయి. సాయంత్రం అక్కకి చెబితే, “తోడు సంగతి నన్నడగాల్సింది!” అంది.

గురువారానికి పంతొమ్మిది చుక్కల్లో స్ఫటికాలు కట్టాయి.

శుక్రవారం యంత్రం ముందు, మొదటిదాన్ని వెంట్రుకంత సన్నటి ఉచ్చుతో పైకి తీస్తుంటే నా చెయ్యి వణికింది. అది ముక్కలైపోయింది.

“తర్వాతది తియ్యి,” అన్నారు మేడమ్, తలైనా తిప్పకుండా.

రెండోది నిలిచింది. తెరనిండా ఎక్స్‌రేల మచ్చలే మచ్చలు, ఆకారం లెక్క కట్టడానికి కావలసినన్ని. “ఇక ప్రొటీన్ మార్చక్కర్లేదు,” అన్నారామె. అందరూ తెర చూస్తున్నారు. నేను నా చేతినే చూసుకుంటున్నాను. సోమవారం నా మొండితనమే గెలిచి ఉంటే, ఆ ఒక్కగానొక్క స్ఫటికాన్నీ, నా మూడేళ్ళనీ ఈ చేత్తోనే పగలగొట్టుకునేదాన్ని.