ఆగ్నెస్ పెల్‌ను వెతికిన రోజు

మేజోడు తొడుగుతున్నదల్లా ఆగి, కృపావరం ముసలావిడ చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసింది. వేలు తీశాక కూడా ఆ గుంట పూడలేదు. నిన్న ఇంత లేదు. పాదం ఉబ్బి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది. గోళ్ళ కింద పలచటి నీలం. తలెత్తి ముఖంలోకి చూస్తే పెదవుల అంచులకూ అదే నీలం. గుంటూరు మిషన్ ఆసుపత్రిలోనూ, ఆ తరువాత వర్జీనియాలో తను పనిచేసిన ఇళ్ళలోనూ ఆ రంగును ఆమె చాలామంది ముఖాల మీద చూసింది. దాని తరువాత వచ్చేదేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

రెండో మేజోడు అందుకుంది.

"ఇవాళే వెళ్ళాలి గ్రేస్," అంది మిసెస్ ప్రిచర్డ్.

పనిలో చేరిన రోజున ఆవిడ కృపావరం పేరుకు అర్థమేమిటని అడిగింది. చెప్పగానే, ఆ పేరు పలకడం తన నాలుకవల్ల కాదని, అర్థంతోనే పిలుస్తానని అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో కృపావరం గ్రేస్ అయింది. చర్చిలో తప్ప ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

కృపావరానికి యాభై దాటాయి. పొట్టి మనిషి. ఎత్తే పని చేసీచేసీ భుజాలు మగవాడి భుజాల్లా గట్టిపడ్డాయి. మిషన్ డాక్టరమ్మ చలవతో డెబ్భై నాలుగులో అమెరికా వచ్చింది. ఇక్కడి నర్సుల పరీక్ష రెండుసార్లు రాసి తప్పింది. మూడోసారి రాయలేదు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళలో ఉండి, వాళ్ళకు స్నానం చేయించి, మందులిచ్చి, చివరికి కళ్ళు మూసే పనిలో పదేళ్ళు గడిచిపోయాయి. పెళ్ళి మాట ఎవరో ఒకసారి ఎత్తి, తరువాత మరిచిపోయారు. ఆమె కూడా మరిచిపోయింది.

మిసెస్ ప్రిచర్డ్ హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆవిడకున్న లోకమంతా ఆగ్నెస్ పెల్. పదహారు వందల ఇరవై ఒకటిలో ఇంగ్లండులోని డెవన్ నుంచి ఓడెక్కి వర్జీనియాలోని ఈ నది ఒడ్డున దిగిన, చేతి తొడుగులు కుట్టే ఒకాయన కూతురు. మిసెస్ ప్రిచర్డ్ తల్లి వైపు వంశమంతా ఆమె దగ్గర మొదలవుతుంది. ఇద్దరు మొగుళ్ళను మట్టిలో పెట్టింది, మూడోవాణ్ణి చేసుకుంది. పక్కింటివాడి పందులు తన మొక్కజొన్న చేలో పడ్డాయని కోర్టుకెక్కింది. ఆ తరువాత ఆమె జాడ ఎక్కడా లేదు. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పూడ్చారో ఏ కాగితంలోనూ దొరకలేదు. కోర్టు కచేరీల నేలమాళిగల్లో, పాత కాగితాల ఫోటోలు చూపే మైక్రోఫిల్ము యంత్రం ముందు, దాని పిడి తిప్పింది కృపావరమే. అక్షరాలు అలా పరుగెడుతుంటే ఆమె కళ్ళు పక్కకు తిప్పుకునేది. ముసలావిడ మాత్రం యంత్రం అద్దానికి ముక్కు ఆనించి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు కూర్చునేది.

చివరికి మిగిలింది ఆవిడ అమ్మమ్మ చెప్పిన మాట ఒక్కటే: నదిలోకి పొడుచుకొచ్చిన పెల్స్ పాయింట్ అనే చోట సీడర్ చెట్టు కింద ఇటుకలు కట్టిన సమాధులున్నాయి, మధ్యది ఆగ్నెస్‌ది. ఆ నేల ఇప్పుడు కలప కంపెనీవాళ్ళది. వెళ్దాం వెళ్దామనుకుంటుండగానే ఆవిడ నడవలేని స్థితికి వచ్చింది.

వంటింట్లో ఫోన్ మోగింది. దూరాన హెర్న్‌డన్ ఊళ్ళో ఉండే రూతు, చర్చిలో పరిచయమైన పిల్ల.

"అక్కా, న్యూస్ చూశావా? హరికేన్ మీ వైపే టర్న్ అయిందట. ఇవాళ ఎక్కడికీ డ్రైవ్ చేయకు. నా మాట విను."

"ఎక్కడికి పోతానే, ఇంట్లోనే ఉంటాను," అంది కృపావరం.

తమ ఊరి హాస్పిటల్లో తను చూసిపెట్టిన ఉద్యోగం సంగతి ఏం ఆలోచించావని రూతు అడిగింది. తమ వైపు వచ్చేస్తే ఆదివారాలు ఒంటరిగా ఉండక్కరలేదని కూడా అంది. చూద్దాంలే అని కృపావరం ఫోన్ పెట్టేసింది. వెనక్కి తిరిగేసరికి మిసెస్ ప్రిచర్డ్ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని చక్రాల కుర్చీలో సిద్ధంగా ఉంది. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంది.

డాక్టరు ఆవిడను మంచం దించవద్దన్నాడని కృపావరం గుర్తుచేసింది. తుఫాను సంగతి చెప్పింది.

"అందుకే ఇవాళ," అంది ఆవిడ. "ఈ తుఫాను పోయాక ఆ ఒడ్డు ఉండదు. వెతకడానికి నేనూ ఉండను. ఆ సంగతి నాకంటే నీకు బాగా తెలుసు."

కృపావరం ముందుకు వంగి, గుండీలు విప్పి, సరిగ్గా పెట్టింది. తరువాత కారు తాళాలు తీసుకుంది.

దారిపొడవునా ఇళ్ళవాళ్ళు కిటికీలకు చెక్కలు కొడుతున్నారు. వేరుశనగ చేల మీద గాలి లేదు. ఆకాశం కమిలిన ఒంటి రంగులో కిందికి దిగి ఉంది. ఒక బడి మైదానం నిండా సముద్రపు కాకులు వాలి ఉన్నాయి. వందల పక్షులు, అన్నీ ఒకే వైపు తిరిగి, ఒక్కటీ అరవడం లేదు. రేడియోలో చెప్పేవాడి గొంతు గరగరలో మునిగి తేలుతోంది. మిసెస్ ప్రిచర్డ్ చేయి చాచి దాన్ని కట్టేసింది. ఆ తరువాత కారులో ఆవిడ ఊపిరి మాత్రమే వినిపించింది, తడిగా, ఆగి ఆగి.

పైన్ చెట్ల మధ్య మట్టిదారి అయిపోయిన చోట కృపావరం కారు ఆపింది. నది అక్కడికి సన్నటి గీతలా కనబడుతోంది. కిటికీ కొంచెం దించి, దుప్పటి ముసలావిడ మోకాళ్ళ మీదికి లాగి, తాను దిగింది. ఆవిడ చేత్తో చెట్ల వైపు చూపించింది, అంతే.

సీడర్ చెట్టు ఉంది. కానీ తలకిందులై, కొమ్మలు నీళ్ళలో, వేళ్ళు ఆకాశంలో. దాని వెనక ఒడ్డు కత్తితో కోసినట్టు నిలువునా తెగి ఉంది. కృపావరం వేళ్ళు పట్టుకుని కిందికి దిగింది. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. చుట్టూ ఇటుకలు, నాచు పట్టి, పళ్ళూడిన చిగుళ్ళలా. ఒడ్డు గోడలో రెండు ఖాళీ గూళ్ళు కనిపించాయి. ఇటుక అరుగులు మిగిలాయి, లోపల ఏమీ లేదు. ఆ రెండింటిలో ఒకటి మధ్యది, ఆగ్నెస్‌ది. కెరటం వచ్చి దాని అడుగును నాకి పోతోంది.

మూడోది ఇంకా సగం ఉంది. సొరుగు లాగి వదిలేసినట్టు బయటికి తెరుచుకుని ఉంది. అందులో ఎముకలు.

కృపావరం దగ్గరికి వెళ్ళి చూసింది. దవడలో పాలపళ్ళు. వాటి కింద ఎముక చిట్లిన చోట, రావలసిన పళ్ళు వరసగా ఎదురుచూస్తున్నాయి. ఆరేళ్ళు ఉంటాయేమో, ఏడుంటాయేమో. ఆగ్నెస్ కాదు.

వెనక ఎక్కడో మట్టిపెళ్ళ నీళ్ళలో పడ్డ చప్పుడయింది. ఆ చప్పుడుకు ఆమె వెనక్కి తిరిగి చూసింది. డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు ఆమె ఈ దేశంలోనే, ఎవరో ముసలాయనకు సూపు తాగిస్తోంది. అక్కడున్నది చెల్లెలు మణి, మణి మొగుడు, పిల్లలు. వాళ్ళ గుడిసె ఉన్న చోట ఇసుక మేట తప్ప ఏమీ మిగల్లేదని చాన్నాళ్ళకు కబురొచ్చింది. ఎక్కడ పూడ్చారని ఆమె అడిగింది. దొరికితే కదా పూడ్చేది అన్నారు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మిసెస్ ప్రిచర్డ్‌కు కూడా.

స్వెట్టరు విప్పి ఎడమచేతి మీద పరిచింది. మొదట తల తీసింది, రెండు చేతులతో, పురిటి బిడ్డ తల పట్టుకున్నట్టు. తరువాత భుజాలు, చేతులు, పక్కటెముకలు. వేళ్ళ ఎముకలు మట్టితో సహా పిడికిట పట్టి వేసింది. కెరటాలు నడుముదాకా కొడుతున్నాయి. ఒక ఇటుక జారి భుజం మీద పడింది. కాళ్ళ ఎముకలు తీసి వెనక్కి జరగ్గానే ఆ గోడంతా పెద్ద నిట్టూర్పులా కూలి నీళ్ళలో కలిసిపోయింది. ఆమె మూటను రొమ్ముకు అదుముకుని, ఒంటిచేత్తో చెట్టు వేళ్ళు పట్టుకుని పైకి ఎక్కింది.

అప్పుడు గాలి మొదలైంది.

కారు దగ్గరికి వచ్చేసరికి మిసెస్ ప్రిచర్డ్ ముఖం బూడిదరంగుకు తిరిగింది. కళ్ళు మాత్రం మూట మీదే ఉన్నాయి. కృపావరం తలుపు తీసి, దాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఆవిడేనా?"

"మీవాళ్ళే మేడమ్."

ముసలావిడ గుడ్డ మీదినుంచే తడిమింది. అరచేతిలో తల మొత్తం ఇమిడిపోయింది. ఆ చేయి అక్కడే ఆగింది.

"ఇది చిన్నపిల్ల," అంది.

"అవును."

"మరి ఆగ్నెస్?"

కృపావరానికి ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళలోకి చూశాక అది బయటికి రాలేదు. "లేదు మేడమ్. నది తీసుకుపోయింది. ఎప్పుడో పోయినట్టుంది."

పైన్ చెట్లు ఊగుతున్నాయి. మిసెస్ ప్రిచర్డ్ బొటనవేలితో గుడ్డ మడత సర్దింది. తరువాత, క్లాసులో ఏదో వాక్యానికి అర్థం విప్పుతున్నట్టు, నెమ్మదిగా అంది: "అయితే ఈ పిల్లను అక్కడ పడుకోబెట్టింది ఆవిడే అయ్యుంటుంది."

దుప్పటి అంచు లాగి మూట మీద కూడా కప్పుకుంది. పద, అన్నట్టు తల ఊపింది.

వాన అందుకుంది. రోడ్డు మీద విరిగిన కొమ్మలను తప్పించుకుంటూ కృపావరం నడుపుతోంది. ఒక మలుపులో ముసలావిడ చేయి మూట మీదినుంచి జారింది. మలుపు తిరిగాక తిరిగి పైకి రాలేదు. కృపావరం రోడ్డు పక్కకు తీసి కారు ఆపింది. మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. మణికట్టు పట్టుకుంది. రెండు రెప్పలూ మూసింది. జారిన చేతిని తీసి మళ్ళీ మూట మీదే పెట్టింది. ఆవిడను ఇల్లు కదలనివ్వకుండా ఉండాల్సిందా అనే ఆలోచన అప్పుడే వచ్చి పక్కన కూర్చుంది. అది ఇక లేచి పోయేది కాదని ఆమెకు తెలిసిపోయింది.

ఆసుపత్రికి చేరగానే అక్కడివాళ్ళు ఆవిడను చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోయారు. మూట చూసి పోలీసును పిలిచారు. వచ్చినవాడు కుర్రవాడు, టోపీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇవి ఎవరివని అడిగాడు. కృపావరం మొత్తం చెప్పింది. ముసలావిడనూ ఆ పిల్లనూ ఒకేచోట పూడ్పించమని కూడా అడిగింది. అది తన చేతుల్లో లేదని, ఎముకలను జిల్లావాళ్ళు ఉంచుకుంటారని అతడు మర్యాదగానే చెప్పి, మూట తీసుకుపోయాడు. స్వెట్టరు కూడా దానితోనే పోయింది.

ఆమె తడిబట్టలతో కారు దగ్గరికి వచ్చింది. నది ఉన్న దిక్కునుంచి గాలి ఒకటే హోరు. హెర్న్‌డన్ వెళ్ళాలంటే ఇదే దారి అనుకుంది, కానీ ఎక్కడికి వెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు. పక్క సీటు మీది దుప్పటి మడతపెడుతుంటే అందులోంచి ఏదో జారింది. లైటు వేసి చూసింది. రాగి గుండుసూది. సన్నది, చిలుం పట్టి పచ్చబడింది, తలకు తీగ చుట్టి ఉంది. పిల్ల ఒంటికి చుట్టిన గుడ్డ విడిపోకుండా మూడు వందల ఏళ్ళ కిందట ఎవరో గుచ్చిన సూది. ఆ గుడ్డ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. సూది ఖాళీ సీటు మీద, ముసలావిడ కూర్చున్న పల్లంలో, మొన ఇంకా వంగకుండా అలాగే పడి ఉంది.