సీసాల వరస

ఆస్పత్రి అరుగు మీద సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. మనుషులు మాత్రం కొందరు గోడ నీడన, కొందరు కూలిన కొబ్బరి మొద్దుల మీద కూర్చున్నారు. నల్లలంక ఆస్పత్రిలో వరసలో నిలబడేది మనిషి కాదు, సీసా. మందు పోయించుకోడానికి ఇంటినుంచి తెచ్చుకున్న సీసాని అరుగు మీద పెడితే అదే వంతు. సీసా ముందుకు జరిగినకొద్దీ మనిషి డాక్టరుకి దగ్గరవుతాడు. ఆస్పత్రి పెట్టిననాటి నుంచీ అదే పద్ధతి.

కార్తీకంలో ఉప్పెన వచ్చి పోయింది. ఊళ్ళో రైతుల డాబాలు నిలిచాయి. కాలవ అవతల కూలీల పల్లెలో గుడిసె అన్నది మిగల్లేదు. పద్ధతి మాత్రం మారలేదు.

కిటికీ వెనక నర్సు రాజారత్నం గరాటు పెట్టి ఎర్రమందు పోస్తూ ఉంది. తలెత్తే తీరిక లేదు. కిటికీకి అడ్డంగా ఎవరిదో నీడ పడింది.

"నర్సమ్మగారూ, పిల్లకి ఒకటే వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయినయ్యండి."

"సీసా ఏదమ్మా?"

"సీసా లేదండి. ఇల్లే లేదు."

"ఎక్కడన్నా చూసి తెచ్చి వరసలో పెట్టు. ఇంతమంది కూర్చోలేదా?"

కోపంగా కూడా అనలేదు రాజారత్నం. రోజూ అనే మాట. నోటికి అలవాటైన మాట.

ఆ తల్లి పేరు వరమ్మ. పిల్లని మెట్టు మీద పడుకోబెట్టి, పక్కనున్న ముసలామెకి అప్పగించి పరిగెత్తింది. ఆస్పత్రికి స్థలమిచ్చిన పూర్ణచంద్రరావుగారి వాకిట్లో అడిగింది. మాకే కావాలి పొమ్మన్నారు. కాలవగట్టు వెంట, కూలిన తడికెల కింద, చచ్చిన గొడ్ల పక్కన బురదంతా చేతులతో కెలికింది. తిరిగి వచ్చేసరికి మోచేతుల దాకా బురద, చేతిలో ఒక సీసా. దాన్ని పైటకొంగుతో తుడిచి వరస చివర పెట్టింది. అప్పుడు పిల్ల వంక చూసింది.

పిల్లలో కదలిక లేదు. పిల్ల మొహం మీద వాలే ఈగల్ని ముసలామె తోలుతూనే ఉంది.

వరమ్మ ఏడవలేదు. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"సీసా తెచ్చానండి," అంది.

రాజారత్నం కిటికీలోంచి మెట్టు మీది పిల్లని చూసి గరాటు పక్కన పెట్టింది. ఆమెది బాపట్ల దగ్గర ఇలాంటి పల్లే. ఆమె తల్లి నాట్లకీ కోతలకీ పోయి మిషను బళ్ళో చదివించింది. కూతురు మొదటిసారి తెల్లచీర కట్టిన రోజున, "ఇంక మనోళ్ళకి నువ్వుంటావుగా" అని మురిసిపోయింది. ఇప్పుడు ఆ చీర చెంగు పట్టుకుని రాజారత్నం ఎటు చూడాలో తెలియక గోడ వంక చూసింది. గోడకి అవతల గదిలో సెలైను సీసాలు పెట్టెలకి పెట్టెలు ఉన్నాయి. పెద్దాఫీసర్లు చూడడానికి వచ్చినప్పుడు క్యాంపు పెట్టాలని డాక్టరు తాళం వేయించాడు. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంది.

మధ్యాహ్నం డాక్టరు రేపల్లె మీటింగునుంచి వచ్చాడు. వెనకే పూర్ణచంద్రరావుగారు.

"రేపు ఆర్డీవోగారు వస్తున్నారు. పిల్ల వచ్చేసరికే ప్రాణం లేదని చెప్పు. నీకూ మంచిది, నాకూ మంచిది," అన్నాడు డాక్టరు.

"మనం ఎవరికన్నా లేదన్నామా రత్నం?" అన్నారు పూర్ణచంద్రరావుగారు మెత్తగా. "సీసా ఉన్నవాళ్ళందరికీ ఇచ్చాం. ఊరని, పల్లె అని తేడా చూపించామా?"

రాజారత్నం తల ఊపింది. ఊపినందుకు మెడ మీద ఎవరో ఉమ్మేసినట్టనిపించింది.

పొద్దు వాలేవేళ పిల్లని పూడ్చిపెట్టి పల్లెజనం చర్చి దగ్గర చేరారు. పైకప్పు ఎగిరిపోయిన చర్చి, నాలుగు గోడలు. రాజారత్నం పలకరించడానికని వెళ్ళింది. లోపలికి అడుగుపెట్టే మొహం లేక గోడ పక్కనే ఆగిపోయింది.

"రేపు కాలవ పూడిక తియ్యడానికి పోకపోతే బియ్యం ఇవ్వరంట," అంటున్నాడు ఒకాయన.

కూలిసంఘం ఇస్సాకు లేచాడు. "రైతులకి కొత్త అప్పులిస్తన్నారు. విత్తనాలిస్తన్నారు. పొలం కోలుకుంటే దేశం కోలుకుంటదంట. కోలుకోవాలి, కాదన్నదెవరు? ఆ పొలంలో వంగే నడుం సంగతేంటి? అది కోలుకోవద్దా?"

"ఆస్పత్రి ఆయన స్థలంలో ఉంది ఇస్సాకూ. ఆయన దయ అది," అన్నాడు ఒక ముసలాయన.

"స్థలం ఆయనది. డాక్టరుకి జీతం యాణ్ణించొస్తంది మావా, ఆయన గాదెలోంచా?" అని ఒక ఆడమనిషి అంటే నలుగురూ నవ్వారు.

"గవర్మెంటు ఇస్తంది," అన్నాడు ఇస్సాకు. "గవర్మెంటుకి మనం ఇస్తన్నాం. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడతన్నాం. అది దయ ఎట్టా అయిద్ది?"

వరమ్మ గోడకి ఆనుకుని కూర్చునే మాట్లాడింది. "ఉప్పెనలో నా పిల్ల పోలేదు. తాడిచెట్టుకి కట్టి, నా ఒళ్ళు అడ్డం పెట్టి బతికించుకున్నా. అంత సముద్రం తీసుకుపోలేకపోయింది. ఆస్పత్రి మెట్టు మీద పోయింది." మోచేతి మీద ఎండిన బురద గోకింది. "రేపు మనమూ వరసలో పెడదాం."

"ఏం పెడతావే? సీసా ఉందా?"

"కొబ్బరిచిప్పలున్నయ్యిగా. ఎటు చూసినా అయ్యే."

"చిప్పలో మందు పోస్తారా?"

"పోయకపోతే అడుగుదాం, సీసా ఉన్నోళ్ళకే రోగాలొస్తయ్యా అని."

అంతలో ఎవరో రాజారత్నాన్ని చూశారు. "నర్సమ్మ. వినిపోయి వాళ్ళకి చెప్పుద్దేమో."

"చెప్పనీ," అంది వరమ్మ, అటు చూడకుండానే. "దాచిపెట్టే మాట ఏముంది ఇందులో."

రాజారత్నం వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తెల్లవారాక ఆస్పత్రి తలుపు తీసేసరికి అరుగు నిండా కొబ్బరిచిప్పలు. మెట్లు దిగి, రోడ్డు దాటి, కాలవగట్టు దాకా చిప్పలే. ఒక్కో చిప్ప వెనక ఒక్కో మనిషి. నిలబడలేనివాళ్ళని మంచాల మీద మోసుకొచ్చారు. పూడిక తీతకి ఒక్కరూ పోలేదు.

ఆర్డీవో జీపు వచ్చింది. వెనక పోలీసు వ్యాను.

"ఏంటిది?" అన్నాడు ఆర్డీవో.

"వరసండి. మీ ఆస్పత్రి పద్ధతే," అన్నాడు ఇస్సాకు. "లోపలి గది తాళం తియ్యండి. మేం తాగే గుంటలో మందు కలిపించండి. డాక్టరుగారు కాలవ అవతల మా పల్లెలో కూడా కూర్చోవాలి. ఆ తర్వాత పూడిక మేమే తీస్తాం."

"గవర్నమెంటు చేయగలిగిందంతా చేస్తోంది. ముందు పంట నిలబడాలి. తర్వాత—"

"తర్వాతే గదండీ మేం, ఎప్పుడూ," అంది గుంపులోంచి ఒక గొంతు.

"నేను స్థలమిచ్చింది ఇందుకేనా," అన్నారు పూర్ణచంద్రరావుగారు.

ఆర్డీవో డాక్టరు వైపు తిరిగాడు. "ఎవరో పిల్ల చనిపోయిందట?"

"తెచ్చేసరికే ప్రాణం లేదు సార్. నర్సు ఉంది, అడగండి."

అందరి కళ్ళూ కిటికీ వైపు తిరిగాయి. రాజారత్నం బయటికి వచ్చి, పిల్ల పడుకున్న మెట్టు మీద కాలు పెట్టలేక పైమెట్టు మీదే ఆగింది.

"పిల్ల ప్రాణంతోనే వచ్చింది సార్. నేను సీసా అడిగాను. వరసలో పెట్టమన్నాను. సెలైను లోపలే ఉంది, మీరొస్తే చూపించడానికని దాచాం. తాళంచెవి నా దగ్గరుంది."

చెప్పి లోపలికి వెళ్ళి తాళం తీసింది. ఇస్సాకూ ఇంకొందరూ పెట్టెలు బయటికి మోసుకొచ్చారు. చెట్టు కింద మంచం మీదున్న ఒక ముసలావిడ చేతికి రాజారత్నం సూది గుచ్చింది. సీసా వేలాడదీయడానికి కొయ్య లేదు. ఎవరో చెయ్యి చాపి సీసా అందుకుని పైకెత్తి పట్టుకున్నారు. చూస్తే వరమ్మ.

ఆర్డీవో తల ఊపగానే ఎస్సై ఈలవేశాడు. పోలీసులు చిప్పల్ని బూట్లతో తొక్కుకుంటూ వచ్చారు. లాఠీలు లేచాయి. జనం వెనక్కి పోలేదు. మంచం చుట్టూ ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఇస్సాకు తల పగిలి చొక్కా తడిసింది. చేతులు మాత్రం వదల్లేదు. సీసాలో చివరి చుక్క దిగేదాకా ఆ వలయం తెగలేదు. సూది తీసి దూది అద్దాక రాజారత్నం లేచి నిలబడింది.

"ఇప్పుడు పదండి," అంది ఎస్సైతో.

పోలీసు వ్యానులో రాజారత్నానికి ఎదురుగా వరమ్మ కూర్చుంది.

"నువ్వు నిజం చెప్పినంత మాత్రాన నా పిల్ల రాదు నర్సమ్మా."

"రాదక్కా," అంది రాజారత్నం. తలెత్తలేదు.

రేపల్లెలో ఆడవాళ్ళందర్నీ స్టేషను వెనక గదిలో పెట్టారు. కాసేపటికి ఒక కానిస్టేబులు గంజిబకెట్టు తెచ్చాడు.

"గిన్నెలున్నవాళ్ళు ముందుకి రండి."

కొందరి ఒళ్ళో కొబ్బరిచిప్పలున్నాయి. రాజారత్నం దగ్గర ఏమీ లేదు. ఆకలితో దోసిలి పట్టింది.

"చేతుల్లో పొయ్యనమ్మా. గిన్నె తెచ్చుకోవాలి. ఇక్కడ అంతే," అన్నాడు అతను. కోపంగా కూడా అనలేదు.

రాజారత్నం తలెత్తి అతని వంక చూసింది. అది తన గొంతే. కిటికీ వెనకనుంచి తను రోజూ విన్న తన గొంతే.

వరమ్మ తన చిప్పని నేల మీద బోర్లించింది. "అయితే ఎవరికీ వద్దు. మీ దగ్గర పెట్టుకున్న మనుషులకి గిన్నెలు మీరే తేవాలి. తెచ్చాక పొయ్యి."

పక్కనామె బోర్లించింది. ఆ పక్కనామె కూడా. గదిలో చిప్పలన్నీ బోర్లాపడ్డాయి. రాజారత్నం తన రెండు అరచేతులూ బోర్లించి వాటి పక్కనే నేలకి ఆనించింది.

కానిస్టేబులు బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. రోడ్డు మీద జనం అలికిడి అయింది, నల్లలంక పల్లెవాళ్ళ గొంతులు. గేటు అవతల ఎవరో కొబ్బరిచిప్ప కింద పెట్టిన చప్పుడు. దాని పక్కనే ఇంకొకటి.