దించిన శ్రుతి

గొంతు ఆపరేషన్ అయ్యాక యామిని మళ్ళీ పాడటానికి కూర్చుంది. రాజోలు చుట్టుపక్కల ఫంక్షన్లలో ఆమె పాడితే, భర్త మణికంఠ గిటార్ వాయించేవాడు.

కొత్త పాట కోరస్‌కి అతను జి మేజర్ పట్టాడు. ఆమెకు అందలేదు. శ్రుతి దించి ఇ మేజర్‌లో వాయించాడు. గొంతు బొంగురుపోయింది. డి మేజర్‌కి వచ్చాడు.

"ఇంకెంత దించుతారండీ?"

"నీకు అందేదాకా."

"అందదండి. డాక్టరుగారు ముందే చెప్పేరు. మీకు చెప్పడానికే నాకు నోరు రాలేదు."

మణికంఠ తల దించుకున్నాడు.

"కోరస్‌కి ముందొచ్చే బ్రిడ్జికి ఏయే కార్డ్స్ అనుకున్నారు?" అని ఆమే అడిగింది.

అతను బి మైనర్, ఇ మైనర్ వాయించాడు. ఆమె పెదవులు మాత్రం కదుపుతూ చివరిదాకా వింది.

"బాగున్నాయండి. కోరస్ మాత్రం మళ్ళీ జి మేజర్‌లోనే పెట్టండి. పాడటానికి వేరే అమ్మాయిని చూసుకోండి" అంది.

అతని వేళ్ళు తీగల మీదే ఉండిపోయాయి.